వ్యవసాయం చదివేవాడికి చరిత్రెందుకు?

‘వ్యవసాయం చదివే పిల్లలకు చరిత్ర దండగ’ అన్న మాట స్టాఫ్‌రూముల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ, పాఠ్యప్రణాళికలు రాసేవారి నోటా ఇప్పుడు ఒకే తీరున వినిపిస్తోంది. ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా ముందు చెప్పాలి. తొమ్మిది, పది తరగతుల్లో వ్యవసాయాన్ని వృత్తివిద్యగా తీసుకున్నవాళ్లు, పది తర్వాత ఇంటర్ వొకేషనల్‌కో వ్యవసాయ పాలిటెక్నిక్‌కో వెళ్లేవాళ్లు త్వరగా పని నేర్చుకుని త్వరగా సంపాదనలో పడాల్సినవాళ్లు. వాళ్లకు మట్టి పరీక్ష కావాలి, విత్తనశుద్ధి కావాలి, డ్రిప్పు బిగించడం, మందు మోతాదు కలపడం రావాలి. కాకతీయుల వంశవృక్షం అక్కర్లేదు. రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు వాళ్లకు విసుగు. తప్పదంటే రెండు వీడియోలు, ఒక క్విజ్జు, ఒక నాటికతో సరదాగా నడిపించేస్తే సరి.

ఈ మాట అనేవారికి దురుద్దేశం లేదు. పిల్లల సమయం వృథా కాకూడదనే వాళ్ల తాపత్రయం. చాలా బళ్లలో చరిత్ర పీరియడు నిద్ర తెప్పిస్తుందన్నదీ నిజమే. నేను కాదనేది ఆ నిద్రకు వాళ్లు చెప్పే కారణాన్ని, రాసిచ్చే మందును. ఒక్కో మాటా వరసగా చూద్దాం.

1. ‘పొలంలో పనికిరాదు’

వ్యవసాయ పరిశోధన స్థానంలో ఏ ప్రయోగ నివేదిక తీసినా మొదటి పేజీల్లోనే ఒక పట్టిక కనిపిస్తుంది. ఈ మడిలో కిందటేడు ఏం వేశారు, అంతకు ముందేడు ఏం వేశారు అన్నది అందులో ఉంటుంది. అది లేకుండా ఫలానా ఎరువుకు పంట ఇలా స్పందించిందని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. మట్టి నమూనా సంచిలో పెట్టే చీటీ మీద కూడా ముందు పంట ఏమిటో రాయమంటారు. రెండు మూడేళ్ల చరిత్ర తెలియకుండా ఒక మడి గురించి నోరెత్తకూడదని వ్యవసాయ శాస్త్రం తనకు తానే నియమం పెట్టుకుంది. ముప్పై ఏళ్లు, నూట ముప్పై ఏళ్లు అనేసరికి మాత్రం అది సోషల్ సారు సంగతి అయిపోతోంది. ఎన్నో ఏడు దగ్గర గీత గీశారో, ఎందుకు గీశారో ఈ వాదం చేసేవారు ఇంతవరకూ చెప్పలేదు.

పత్తి సంగతే తీసుకోండి. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కొట్టగానే పురుగు రాలిపడేది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వాటిని ఎడతెరిపి లేకుండా కొట్టారు. మిత్రపురుగులన్నీ చచ్చాక, అప్పటిదాకా పెద్దగా లెక్కలోకి రాని తెల్లదోమ చేల మీద విరుచుకుపడింది. ఆ దశకం చివరికి ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు వచ్చాయి. పదేళ్లు గడిచాయి. 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు ఏ మందుకూ లొంగలేదు. మళ్లీ చావులు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది. పురుగు తట్టుకునే శక్తి పెంచుకోకుండా చేను చుట్టూ బీటీ కాని పత్తి సాళ్లు వేయాలన్నారు. అందుకు వేరే చిన్న పొట్లంలో విత్తనం కూడా ఇచ్చారు. ఆ పొట్లాలు ఎక్కువగా గట్టు మీదే ఉండిపోయాయి. 2010ల నడుమకల్లా గులాబీ రంగు పురుగు రెండో రకాన్నీ జయించింది.

ఈ మూడింటినీ మనం మూడు వేర్వేరు పురుగుల కింద, మూడు వేర్వేరు రోజుల్లో చెబుతున్నాం. తెల్లదోమకు లాటిన్ పేరు, నష్టపరిచే విధం, నివారణ. లద్దె పురుగుకు లాటిన్ పేరు, నష్టపరిచే విధం, నివారణ. పిల్లవాడు మూడూ కంఠస్థం చేసి పాసవుతాడు. మూడింటినీ కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించేది పురుగు కాదు. ఊరంతా ఒకే ఆయుధాన్ని పట్టుకోవడం, విరామం లేకుండా వాడడం, అప్పు మీద మందు ఇచ్చిన దుకాణదారు చెప్పిందే సలహాగా చెల్లడం. ఇది ఎంటమాలజీ పుస్తకంలో ఒక చోట దొరకదు. వరసలో పెట్టి చూస్తేనే దొరుకుతుంది, అలా పెట్టి చూడడానికే చరిత్ర అని పేరు.

డిప్లొమా పుచ్చుకున్న ఈ పిల్లలే రేపు తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈఓలు), ఆంధ్రలో గ్రామ వ్యవసాయ సహాయకులు అవుతారు. కొత్త మందో కొత్త విత్తనమో ఊళ్లోకి వచ్చినప్పుడు రైతు ముందుగా అడిగేది వాళ్లనే. ‘ఇది ఎంత బాగా పనిచేస్తుంది’ అన్న ప్రశ్నకు కంపెనీ కరపత్రం చాలు. ‘ఇది పనిచేయడం ఎప్పుడు మానేస్తుంది, అప్పుడు ఎవరి నెత్తిన పడుతుంది’ అని అడగడానికి 1980లు తెలిసుండాలి. పొలంలో పనికిరాదంటే ఏ పొలంలో?

2. ‘విత్తనం సైన్సు, దానికి చరిత్రతో ఏం పని’

ఈ వాదానికి మధ్యాహ్న భోజనంలో వడ్డించే అన్నమే సమాధానం. బీపీటీ 5204, సాంబ మసూరి. బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైంది. దాని తల్లిదండ్రుల్ని వెదుక్కుంటూ వెళితే ఒక కొమ్మ కోయంబత్తూరులో వేరుచేసిన పాత రకం జీఈబీ 24 దగ్గరికి పోతుంది. ఇంకొకటి తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మసూరి. ఆ మసూరి ఇంకా వింత. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా దేశాల తిండి కొరత తీర్చడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్‌లో నడిపిన సంకర కార్యక్రమంలో, తైవాన్ రకాన్నీ మలయా రకాన్నీ కలిపితే పుట్టింది. మలేషియాలో 1965లో విడుదలై, తిరిగి మనదేశం చేరింది.

ఈ ఒక్క వంశవృక్షం బోర్డు మీద గీస్తే చాలు. కటక్‌లో మలయా వరిని ఎందుకు సంకరం చేశారు? తైవాన్ వరి పొట్టిది కావడం ఎవరికి అవసరమైంది? పొడుగు రకాలకు ఎరువు వేస్తే గింజ బరువుకు పడిపోయేవని వ్యవసాయం చదివే పిల్లవాడికి ముందే తెలుసు. కాబట్టి 1966లో ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్8 వచ్చినప్పుడు ఆ పొట్టితనం ఎంత పెద్ద సంగతో సోషల్ పుస్తకం మాత్రమే చదివిన పిల్లవాడికన్నా ఇతనికే బాగా అర్థమవుతుంది. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఆ రకాన్ని పండించి చూపించి ‘మిస్టర్ ఐఆర్8’ అనిపించుకున్నారు. హరిత విప్లవం ఢిల్లీలోనూ పంజాబులోనూ జరిగిందని చదివే పిల్లలకు అది పక్క మండలంలోనూ జరిగిందని తెలియాలి. యూరియా, రసాయన మందులు, బోరుబావులు దాని వెనకాలే ఎందుకు వచ్చాయో కూడా.

వంశవృక్షాలు విసుగు అన్నారు కదా. రాజులవి విసుగు. ఇది విసుగని నేను ఒప్పుకోను.

3. ‘సరదాగా చెబితే చాలు’

అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్నది ఈ మాటే. మంచి మాటలా వినిపించడం దీని బలం. పాఠంలో సారం లేదని ముందే ఒప్పేసుకుని, దాని మీద పంచదార చల్లమంటున్నారు. వీడియో ఆడినంతసేపూ తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. క్విజ్జులో రెండు జట్లూ గోల చేస్తాయి. రెండింటినీ ఆసక్తి అని రాసుకుంటున్నాం. పిల్లవాడు అల్లరి చేయకుండా కూర్చోవడం వేరు, ఒక విషయం తేలేదాకా వదలకపోవడం వేరు. మొదటిదానికి ప్రొజెక్టర్ చాలు. రెండోదానికి ఆ పిల్లవాడు తనకు తెలిసిన దాన్ని ఉపయోగించి తీర్పు చెప్పాల్సిన చోటు కావాలి.

అలాంటి చోటు మన చరిత్రలో కొల్లలు. ఒకటి చెబుతాను, దాన్ని పాఠంగా ఎలా కట్టాలో కూడా.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా తెరిపిన పడింది. ఆ విజయం చూపించి ఆర్థర్ కాటన్ నీటిపారుదల అంటే లాభమేనని గట్టిగా వాదించాడు. 1858లో లండన్ పెట్టుబడితో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. వాటాదారులకు అయిదు శాతం వడ్డీ గ్యారంటీ ప్రభుత్వానిది. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై కర్నూలు నుంచి కడప దాకా సుమారు మూడు వందల కిలోమీటర్ల కాలువ, నీళ్లకూ పడవలకూ. 1860లంతా తవ్వారు. నీళ్లొచ్చాయి. రైతులు పుచ్చుకోలేదు. కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. అదే ఇవాళ్టి కర్నూలు-కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్.

కరువు సీమలో నీళ్లు వద్దనడమేమిటి? పుస్తకం ఈ ప్రశ్న వేయదు. వేసినా ‘రైతుల అజ్ఞానం’ అని ముగిస్తుంది. కంపెనీ పెద్దలు కూడా ఆనాడు దాదాపు అదే అన్నారు.

ఇప్పుడు పాఠం. రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి. ఊరి పేరు, కాలువ పేరు, సంవత్సరం ఏదీ చెప్పకండి. బోర్డు మీద నాలుగే వివరాలు. నేల నల్లరేగడి. పంటలు జొన్న, కొర్ర, పత్తి. వానలు తక్కువే, కానీ అన్ని ఏళ్లూ ఎగ్గొట్టవు. పక్కనే కాలువ వచ్చింది, ఎకరానికి ఇంత నీటి తీరువా కట్టి తడుపుకోవచ్చు. మీరు ఆ రైతు అయితే నీళ్లు తీసుకుంటారా? జట్లుగా కూర్చుని తేల్చండి, కారణాలు రాయండి.

ఇక్కడే వ్యవసాయం పిల్లలు మిగతావాళ్ల కన్నా ఒక మెట్టు పైనుంటారు. రేగడి నీటిని పట్టి ఉంచుతుందనీ, మురుగు పోయే దారి లేకపోతే వేర్లు కుళ్లుతాయనీ, చౌడు తేలుతుందనీ వాళ్లకు తెలుసు. ఉన్న తేమతో పండే జొన్నకు తడి పెట్టి తీరువా కట్టడం దండగని ఒక జట్టు అంటుంది. వరి వేసుకోవచ్చు కదా అని ఇంకో జట్టు లేస్తుంది. వరికి మడి కట్టాలి, చదును చేయాలి, ఎడ్లు కావాలి, కూలీలు కావాలి, ఆ పెట్టుబడి ఎవడిస్తాడని మొదటివాళ్లు తిరగబడతారు. వాన మొహం చాటేసిన ఏడు మాత్రం తీసుకుంటామని ఇంకెవరో మధ్యేమార్గం చెబుతారు. నిజంగా జరిగింది అదే. కరువు ఏళ్లలో అడిగారు, మంచి ఏళ్లలో వద్దన్నారు. అలా వస్తూ పోతూ ఉండే గిరాకీ మీద వడ్డీ కట్టడం కంపెనీ వల్ల కాలేదు.

జట్లు తమ తీర్పు రాసిచ్చాక అప్పుడు పేర్లు, సంవత్సరాలు చెప్పండి. 1858, 1882 అనే అంకెలు అప్పటికి పిల్లలు అడిగి తెలుసుకునే సంగతులైపోతాయి. ఆ తర్వాత అసలు పని. కంపెనీ చెప్పిన కారణం ఒకటి, పొలం చెబుతున్న కారణం ఇంకొకటి. ఎవరి మాట నమ్మాలి, ఎందుకు? కంపెనీకి అలా చెప్పడంలో లాభమేమిటి? గోదావరి డెల్టాలో ఫలించింది సీమలో ఎందుకు ఫలించలేదు? ఒండ్రు నేలకీ రేగడికీ తేడా ఈ ప్రశ్నలో సగం జవాబు. డెల్టాలో వరి ముందే అలవాటు పంట కావడం, సీమలో మెట్ట సేద్యం చుట్టూ అల్లుకున్న పశువులు, అప్పులు, తిండి అలవాట్లు మిగతా సగం.

ఇంటికి ఇచ్చే పని: మీ ఊళ్లో నీళ్లందే అవకాశం ఉండి కూడా ఆరుతడి పంటే వేస్తున్న చేను ఏదైనా ఉందా, ఎందుకో ఇద్దరు పెద్దవాళ్లను విడివిడిగా అడిగి రండి. ఇద్దరి జవాబులూ కలవకపోతే ఇంకా మంచిది. కలవని జవాబుల్లో ఏది నమ్మదగిందో తేల్చడమే మర్నాటి పీరియడు. తాత చెప్పాడు కాబట్టి నిజమని రాసుకొచ్చేవాడికి మార్కులు తగ్గించండి.

ఈ పాఠంలో వీడియో లేదు. పాటలు, వేషాలు లేవు. అవి ఉంటే తప్పని కాదు, ఇక్కడ వాటి అవసరం పడలేదు.

4. ‘గర్వపడేలా చెప్పాలి’

సరదా వాదానికి ఇది పెద్దన్న. మన పూర్వీకులకు అన్నీ తెలుసు, ఆ సంగతి చెబితే పిల్లల రొమ్ము పొంగుతుంది, ఆసక్తి దానంతట అదే పుడుతుంది అంటారు. పొంగుతుంది, నిజమే. పొంగిన రొమ్ముతో పిల్లవాడు ఏం చేయాలో మాత్రం చెప్పరు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చూడండి. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. గట్టి బంకనేల కావాలి, తీపినీళ్ల ఏరు కావాలి, కట్టకు ఆనుకుని కొండలుండాలి, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని ఉండాలి, కింద చదునైన సారవంతమైన ఆయకట్టు ఉండాలి, పని తెలిసిన మనుషులు కావాలి. దోషాల్లో కట్ట నుంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, కొద్ది నీళ్లకు పెద్ద ఆయకట్టు, కొద్ది నేలకు మితిమీరిన నీళ్లు ఉన్నాయి. ఇంకో దోషం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం.

గర్వం పాఠం దీన్ని చదివి, ఆహా అని చప్పట్లు కొట్టించి ముగుస్తుంది. వ్యవసాయం పిల్లలకు కావాల్సింది ఈ జాబితా చేతిలో పట్టుకుని సొంత ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లడం. తూము దగ్గర ఊట ఉందా? ఆయకట్టు ఎన్ని ఎకరాలని రికార్డు, నిజంగా తడిసేది ఎంత? అలుగు ఎటు పోతోంది, ఆ దారిలో ఇప్పుడు ఎవరి ప్లాట్లున్నాయి? 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీయడానికి లెక్కించిన చెరువులు 46 వేల పైచిలుకు. ఆ పూడిక అన్నేళ్లు ఎందుకు పేరుకుపోయిందన్నది చరిత్ర ప్రశ్నే. చెరువును చూసుకునే నీరటికాడికి ఊరు ఎప్పటిదాకా గింజలు కొలిచింది, ఎప్పుడు మానేసింది, బోర్లు వచ్చాక కట్ట మీద ఎవరికి శ్రద్ధ తగ్గింది అన్నవాటికి జవాబులు ఊళ్లోనే దొరుకుతాయి.

సరిహద్దు దోషానికైతే తరగతి దాటి పోనక్కర్లేదు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలిచ్చింది. రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని సర్దుకున్నారు. ఆ తగువు ఇంకా తెగలేదు. ఆరున్నర శతాబ్దాల కిందటి రాతి మీద ఉన్న ఒక వాక్యం ఎందుకు రాశారో ఈ పిల్లలకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

అదే శాసనం ఇంకొకటి చెబుతుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. రాజు పేరుంది. వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. గర్వం పాఠానికి ఈ సంగతి ఇబ్బంది. నా పాఠానికి ఇదే మంచి ప్రశ్న.

కాటన్ విషయంలోనూ ఇదే జబ్బు. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహం ఉంది, ఆ కృతజ్ఞతకు కారణమూ ఉంది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మధ్యలో డొక్కల కరువు. జనంతో పాటు ఈస్టిండియా కంపెనీకి శిస్తూ తగ్గింది. ఆనకట్టకు డబ్బు మంజూరు కావడంలో కరుణ పాలెంత, శిస్తు పాలెంత అని పదో తరగతి పిల్లలు వాదించుకుంటే కాటన్ విగ్రహానికి వచ్చే నష్టమేమీ లేదు. దండ వేసి వచ్చేస్తే మాత్రం పాఠం జరగనట్టే.

5. ‘ఈ పిల్లలు చదవలేరు’

ఈ మాట బయటికి మెల్లగా అంటారు, లోపల గట్టిగా నమ్ముతారు. వృత్తివిద్యకు వచ్చేవాళ్లు మార్కులు తక్కువవాళ్లు, పెద్ద పేరాలు చదవలేరు, మూలపత్రాలు ఇస్తే బెదిరిపోతారు అని. బళ్లో చదవలేని పిల్లవాడు ఇంట్లో పహాణీ చదువుతాడు. అడంగల్‌లో తాత పేరు ఎక్కడుందో, సర్వే నంబరు పక్కన ఎకరాలు గుంటలు సరిగా పడ్డాయో లేదో వెదికి పెట్టేది చాలా ఇళ్లలో అతనే. భూమి రికార్డు కన్నా కష్టమైన మూలపత్రం చరిత్ర పుస్తకంలో ఏదుంది?

తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు ఒకటి, ఇప్పటి పాసుపుస్తకం నకలు ఒకటి పక్కపక్కన పెట్టండి. పేర్లు, నంబర్లు చెరిపేసి ఇవ్వండి, ఊళ్లో తగాదాలు మనకొద్దు. పాతదాంట్లో పట్టాదారు పేరు వేరు, దున్నేవాడి పేరు వేరు గడుల్లో ఉంటాయి. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత ఆ సాగుదారు గడి పోయింది. ఆ గడి మొదట ఎందుకు వచ్చింది? 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం, కడవెండిలో దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ, 1950 కౌలుదారీ చట్టం, 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో మొదలైన భూదానం అన్నీ ఆ ఒక్క గడి వెనక ఉన్నాయి. గడి పోతే ఏమవుతుంది? కౌలు రైతుకు బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం ఎలా వస్తాయి? రేపు పంట నమోదు చేసేది ఈ పిల్లలే. ఆ పొలంలో నిజంగా చెమటోడ్చేది ఎవరో కాగితం చెప్పనప్పుడు వాళ్లు ఎవరి పేరు రాయాలి?

చదవలేరనేవారికి ఇంకో సంగతి గుర్తుచేయాలి. ఆచార్య ఎన్.జి. రంగా 1930లలో నిడుబ్రోలులో రైతు విద్యాలయం నడిపారు. రైతుబిడ్డలకు అర్థశాస్త్రం, రాజకీయాలు చెప్పించారు. వీళ్లకు ఇవన్నీ ఎక్కుతాయా అని ఆయన వెనకాడలేదు. ఇవాళ ఆంధ్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం గేటు మీద ఉన్నది ఆయన పేరే. దాని కింద నడిచే పాలిటెక్నిక్‌ల పిల్లల్ని ఆయనెవరని అడిగి చూడండి. జవాబు రాకపోతే తప్పు పిల్లలది కాదు.

6. ‘టైము లేదు’

దీనికి పొడుగు జవాబు అక్కర్లేదు. ఏడాదికి ఇలాంటి పాఠాలు నాలుగు చాలు: నీరు, నేల, విత్తనం, పురుగు. ఒక్కోదానికి రెండు కలిపిన పీరియడ్లు, ఒక ఊరి పని. అగ్రికల్చర్ టీచరూ సోషల్ టీచరూ ఒకే గదిలో ఉండాలి. రేగడి నీళ్లను ఎందుకు పట్టి ఉంచుతుందో ఒకరు చెబుతారు, కంపెనీ లెక్కలు ఎందుకు తప్పాయో ఒకరు చెబుతారు. చాలా బళ్లలో వృత్తివిద్య బోధకుణ్ణి స్టాఫ్‌రూములో ఒక మూలకు నెట్టేశారు, జీతంలోనూ గౌరవంలోనూ. ఆయన్ని చరిత్ర పాఠంలోకి పిలవడం వల్ల ఆ మూల కాస్త ఖాళీ అవుతుంది. టైము లేదన్న మాట వెనక ఈ ఇబ్బంది కూడా ఉందని నా అనుమానం.

ఇదంతా జరిగినా పరీక్ష పేపరు మారకపోతే వచ్చే ఏడాదికి మళ్లీ వీడియోలే మిగులుతాయి. ‘ధవళేశ్వరం ఆనకట్టను ఎవరు నిర్మించిరి’ అన్న ఒక మార్కు ప్రశ్న ఉన్నంతకాలం టీచరు కాటన్ పేరు బోర్డు మీద రాసి సెలవు తీసుకుంటాడు, అది అతని తప్పూ కాదు. దాని బదులు రేగడి నేల, కాలువ, తీరువా వివరాలిచ్చి ‘నీవు ఆ రైతువైతే నీరు తీసుకొందువా? కంపెనీ చెప్పిన కారణంతో నీవు ఏకీభవించెదవా?’ అని ఎనిమిది మార్కులకు అడగండి. తీసుకుంటానన్నా, తీసుకోనన్నా, కారణం నిలబడితే మార్కులివ్వండి. వ్యవసాయం పిల్లలకు చరిత్ర వద్దనేవారు ముందు ఆ ప్రశ్నకు తామే ఒక జవాబు రాసి, ఆ బళ్లో అగ్రికల్చర్ టీచరు చేత దిద్దించుకోవాలి.